ఆడపిల్లకు అరుదైన పేరు: వేదమా, శాసనమా, నదా, రాగమా?

'ఎవరికీ లేని పేరు పెట్టాలి' అనుకునే ఇళ్లు ఇప్పుడు చాలా ఎక్కువ. చిత్రం ఏమిటంటే, అలా వెతికి వెతికి పెట్టిన పేర్లే ఒకదానికొకటి దగ్గరగా వినిపిస్తున్నాయి. శాన్వి, శాన్విక, హన్విక, జన్విక... నర్సరీ క్లాసులో టీచరు ఒక పేరు పిలిస్తే ముగ్గురు పిల్లలు తలెత్తుతారు. అందరూ వెతికేది అవే నాలుగైదు వెబ్‌సైట్లలో కాబట్టి ఇలా అవుతోంది. అక్కడ పేరు పక్కన అర్థం ఉంటుంది. ఆ అర్థం ఎక్కడిదో మాత్రం ఉండదు.

అరుదైన పేరంటే ఊరూ పేరూ లేని పేరు కాదని నా గట్టి నమ్మకం. 'నాకీ పేరెందుకు పెట్టారు?' అని పదేళ్ల పాప అడిగితే, అది ఎక్కడ పుట్టిందో, అంతకుముందు ఎవరికి ఉండేదో అమ్మానాన్నలు చెప్పగలగాలి. అలాంటి పేర్లు మనకు కొల్లలుగా ఉన్నాయి. మనం వాడటం మానేయడం వల్లే అవి అరుదయ్యాయి. అవి దొరికే చోట్లను ఒక్కొక్కటే చూద్దాం. ప్రతి చోటా మంచి పేర్లతో పాటు మన చెవికి గుచ్చుకునేవీ ఉంటాయి, వాటినీ దాచకుండా చెబుతాను.

నెట్‌లో దొరికే పేర్లు: ముందు నిఘంటువు తెరవండి

నెట్‌లో ఉన్నవన్నీ తప్పని కాదు. ఆద్య అంటే మొదటిది. ఉర్వి అంటే భూమి. తన్వి అంటే సన్నని అమ్మాయి. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు తన భార్య రూపాన్ని వర్ణించడం మొదలుపెట్టేది ఆ మాటతోనే. ఇవి అసలైన మాటలు, నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

శాన్వి సంగతి వేరు. చాలాచోట్ల 'లక్ష్మీదేవి' అని రాస్తారు. సంస్కృత నిఘంటువు అమరకోశం తెరిస్తే లక్ష్మికి పద్మాలయ, పద్మ, కమల, శ్రీ, హరిప్రియ, ఇందిర, లోకమాత, రమ వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. శాన్వి వాటిలో లేదు. వినడానికి బాగుందని పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, కానీ లేని అర్థం పాపకు నేర్పకూడదు.

ఇంకొన్ని పేర్లలో మాట అసలైనదే, అర్థమే మనం అనుకున్నది కాదు. ఆలేఖ్యం అంటే బొమ్మ, చిత్తరువు. మొదటి అక్షరానికి దీర్ఘం పోయి 'అలేఖ్య' అయితే 'రాయడానికి వీల్లేనిది' అవుతుంది. ఆ పేరు నచ్చితే ఆలేఖ్య అని దీర్ఘంతో పెట్టండి, ఇంకా అందంగా ఉంటుంది. పరిణీత అంటే పెళ్లయిన స్త్రీ. పొత్తిళ్లలో పాపకు ఆ పేరేమిటి? అస్మితను గుజరాతీ వాళ్లు ఆత్మగౌరవం అనే అర్థంలో వాడతారు. పతంజలి యోగసూత్రాల్లో అదే మాట అవిద్య, రాగం, ద్వేషం, అభినివేశాలతో పాటు అయిదు క్లేశాల్లో, అంటే మనిషిని బాధపెట్టే దోషాల్లో, ఒకటి. హిందీ ఆర్తీ మన హారతి. తెలుగులో ఆర్తి అంటే వేదన. రోష్నీ పారసీ నుంచి వచ్చిన వెలుగు. దాన్ని సాగదీసి రోషిణి అని రాస్తే తెలుగు చెవికి రోషం వినిపిస్తుంది. నిహారిక అని రాస్తున్నారు గానీ నీహారం అంటే మంచు కాబట్టి అది నీహారిక.

ఈ మధ్య బాగా వినిపిస్తున్న మైరా సంస్కృతం కాదు. 16వ శతాబ్దపు ఇంగ్లీషు కవి ఫుల్క్ గ్రెవిల్ తన కవితల కోసం అల్లుకున్న పేరు. అలా పుట్టిన పేరు కూడా నాలుగు వందల ఏళ్లు బతికింది. కాబట్టి కల్పించిన పేరు పెట్టడం తప్పేమీ కాదు. మీరే ఒక పేరు అల్లుకుంటే 'ఇది మేమిద్దరం నీ కోసం అల్లాం' అని పాపకు చెప్పండి, అదీ మంచి కథే.

వేదకాలపు స్త్రీలు

అర్థం, గౌరవం, కథ మూడూ కావాలనుకునేవాళ్లు ముందు ఇటు చూడాలి. ఋగ్వేదంలో స్త్రీల పేర్లతో ఉన్న సూక్తాలున్నాయి. మొదటి మండలం 179వ సూక్తం లోపాముద్రది. పదో మండలంలో 39, 40 సూక్తాలు కక్షీవంతుడి కూతురు ఘోషవి. ఎనిమిదో మండలం 91వ సూక్తం అపాలది. అయిదో మండలం 28వ సూక్తం విశ్వవారది. ఉపనిషత్తుల దాకా వస్తే గార్గి, మైత్రేయి. మహాభారతం శాంతిపర్వంలో జనకుడితో వాదించిన సులభ.

వీటిలో నా మొదటి ఓటు గార్గికి. బృహదారణ్యకోపనిషత్తులో నిండు సభలో యాజ్ఞవల్క్యుణ్ణి 'ఇదంతా నీళ్లలో పడుగూ పేకగా అల్లుకుని ఉందంటే, ఆ నీళ్లు దేనిలో అల్లుకుని ఉన్నాయి?' అని అడుగుతూ పోయిన మనిషి ఆమె. ప్రశ్నలు అడిగే కూతురు కావాలనుకునే ఇంటికి ఇంతకన్నా మంచి పేరు నాకు తెలియదు. రెండక్షరాలు, ఏ భాషవాళ్లయినా పలుకుతారు.

లోపాముద్ర గంభీరంగా ఉంటుంది, ముద్ర అని ముద్దుగా పిలుచుకోవచ్చు. కానీ 'లోపం' అన్న మాట ముందే వినిపిస్తుంది, ఆ మాట ఎవరో ఒకరు అంటారు. లోకంలోని ప్రాణులన్నిటి నుంచీ అందమైన భాగాలు తీసుకుని అగస్త్యుడు ఆమెను సృష్టించాడనే కథ నాలుక చివర ఉంచుకోండి. ఘోషను మాత్రం తెలుగింట్లో నేను సిఫారసు చేయను. సంస్కృతంలో ఎంత గొప్పదైనా, తెలుగులో 'ఏమిటీ ఘోష' అంటాం. విశ్వవార విడివిడిగా చూస్తే మంచి మాటే, కానీ కుదిస్తే విశ్వ అయి మగపిల్లాడి పేరులా ఉంటుంది. సులభను ఎగ్జామ్ పేపర్‌తో ముడిపెట్టి ఏడిపించే తోటిపిల్లలు తప్పకుండా ఉంటారు; వాదనలో ఒక రాజునే నిలదీసిన మనిషి పేరని చెప్పుకోగలిగితే పెట్టండి.

ఇళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వేదంలో సరస్వతి, భారతితో కలిపి పిలిచే ముగ్గురు దేవతల్లో ఇళ ఒకరు. తెలుగులో ఇళ అంటే భూమి కూడా. రెండే అక్షరాలు, ఎంతో హాయిగా ఉంటుంది. చిక్కల్లా 'ళ'తోనే. ఇంగ్లీషు స్పెల్లింగులో అది పోతుంది, తెలుగు రాని వాళ్లు చాలామంది 'ఇలా' అంటారు. మన ఊళ్లో పెరిగే పాపకైతే ఈ బాధ తక్కువ.

రాళ్ల మీద నిలిచిన పేర్లు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. మన నేల మీద బతికి, తమ డబ్బుతో గుళ్లూ చైత్యాలూ చెరువులూ కట్టించి, పేరు చెక్కించుకున్న ఆడవాళ్లు వీళ్లు. తెలుగువాళ్లు ఇంకా ఈ పేర్ల జోలికే పోలేదు.

నాగార్జునకొండ లోయలో, ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉన్న చోట, మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి బౌద్ధ స్తూపం మహాచైత్యానికి పెద్ద దాత చాంతిసిరి, రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి తోబుట్టువు. తర్వాతి రాజు వీరపురుషదత్తుడి రాణుల్లో బాపిసిరి ఒకరు. అతని కూతురు కొడబలిసిరి వనవాస (బనవాసి) రాజ్యానికి కోడలిగా వెళ్లింది. వీళ్లందరిలోకీ నా మనసు దోచుకున్నది బోధిసిరి. ఆమె రాణి కాదు, ఉపాసిక, అంటే ఇంట్లోనే ఉండి బౌద్ధాన్ని పాటించే భక్తురాలు. సింహళ దేశపు భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, తన పేరు శాసనంలో రాయించింది. ఒక మామూలు గృహస్థురాలి పేరు పదిహేడు వందల ఏళ్లు నిలిచింది!

ప్రాకృతంలో సిరి అంటే శ్రీ. తెలుగులో సిరి అంటే సంపద. బోధిసిరి, చాంతిసిరి ఈ రోజు పెట్టినా పాతగా అనిపించవు. బడిలో పూర్తి పేరు, ఇంట్లో సిరి. ఒట్టి సిరి అని మాత్రం పెట్టకండి. 2011 నుంచి ఆపిల్ కంపెనీ ఫోన్లలోని మాట వినే సహాయకురాలి పేరూ అదే. పాపను పిలిచిన ప్రతిసారీ పక్కనున్న ఫోను పలికే ప్రమాదం ఉంది, విదేశాల్లో పెరిగే పిల్లకు ఈ గొడవ మరీ ఎక్కువ.

శాతవాహనుల కాలానికి వెళ్తే నాణేఘాట్ శాసనంలోని రాణి నాగనిక, నాసిక్ గుహలో శాసనం వేయించిన గౌతమి బలశ్రీ కనిపిస్తారు. గౌతమీపుత్ర శాతకర్ణి పేరులో ఉన్న గౌతమి ఈ తల్లే. గౌతమి మనకు అలవాటైన పేరు, బలశ్రీ వాడకంలో లేదు. రెండూ కలిపి 'గౌతమి బలశ్రీ' అని జంట పేరుగా పెడితే ఎంత నిండుగా ఉంటుందో చూడండి. నాగనిక ఇప్పటి ఫ్యాషన్ పేర్ల శబ్దానికి చాలా దగ్గర. ఆ 'ఇక' మోజు వదలలేని వాళ్లకు ఇది సరైన జవాబు.

కాకతీయుల ఇంట్లో రుద్రమ ఒక్కతే కాదు. ఆమె చెల్లెలు గణపాంబ. కూతుళ్లు ముమ్మడమ్మ, రుయ్యమ్మ. మేనత్తలు మైలాంబ, కుందాంబ. బయ్యారం చెరువు శాసనం మైలాంబదే. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబ 1276లో బూదపూరులో వేయించిన శాసనం ఉంది. ఈ వరుసలో రుయ్యమ, కుందమ నేటికీ బాగుంటాయి. కుందం అంటే మల్లె జాతి పువ్వు. మైలమ చరిత్రలో ఎంత గొప్పదైనా 'మైల' అన్న మాట తెలుగిళ్లలో ఏ సందర్భంలో వస్తుందో అందరికీ తెలుసు, వదిలేయడమే మంచిది. కుప్పమ సంగతీ అంతే.

పల్నాటి కథలో బాలచంద్రుడి భార్య మాంచాల. ఆ పేరు వినగానే పల్నాడు వాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది, మిగతా వాళ్లు 'ఏమన్నారు?' అని రెండోసారి అడుగుతారు. గుంటూరు, పల్నాడు వైపు మూలాలున్న ఇంటికి ఇది గర్వంగా పెట్టుకోదగ్గ పేరు. రామాయణం రాసిన మొల్ల పేరు కూడా ఒక పువ్వుదే. ఇంత చిన్నగా, ఇంత తెలుగుగా ఉన్న పేరు మళ్లీ ఎవరూ ఎందుకు పెట్టుకోవడం లేదో నాకు అర్థం కాదు. బెంగాల్ వైపు వెళ్తే మాత్రం మొల్లా ఇంటిపేరుగా వినిపిస్తుంది.

అమ్మమ్మల పేర్లు

అలివేలు, నాంచారి, పేరిందేవి, మంగతాయారు, గోద. వీటిని పాత పేర్లని పక్కన పెట్టేశాం. ఇవన్నీ తమిళ వైష్ణవం నుంచి తిరుమల, కంచి, శ్రీరంగం దారుల్లో మన ఇళ్లకు వచ్చినవి. తమిళంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే యువతి. పువ్వు మీద కూర్చున్న అమ్మ అలర్‌మేల్‌మంగై తిరుచానూరులో అలమేలుమంగ అయింది, మన నోళ్లలో నలిగి అలివేలు అయింది. నాచ్చియార్ నాంచారి అయింది. కంచి వరదరాజస్వామి దేవేరి పెరుందేవి, అంటే గొప్ప దేవి. అదే మన పేరిందేవి. తాయారు అంటే తల్లి. గోద శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్, కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో నాయిక.

ఈ పేర్లు పెడతానంటే ఇంట్లో మొదట అడ్డుపడేది సాధారణంగా ఆ అమ్మమ్మలే. 'నా పేరే దొరికిందా, అందరూ నవ్వుతారు' అంటారు. అలా అనిపించేలా చేసింది మన నవ్వులే. అలివేలు పలకడానికి నీళ్లు తాగినంత సులువు, ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం కూడా నలగదు. గోద రెండక్షరాలు. ఇంట్లో ఎవరి పేరైనా నిలపాలని ఉంటే, పేరును ముక్కలు చేసి 'అలీషా' చేయడం కంటే ఉన్నదున్నట్టు పెట్టడం గౌరవం.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఇంకో మాట. విజయనగరం పైడితల్లి పేరులోని పైడి అంటే బంగారం. పైడిరాజు, పైడమ్మ అన్న పేర్లు ఊరూరా ఉన్నాయి. ఒట్టి 'పైడి' అని ఆడపిల్లకు పెడితే స్వర్ణ, కాంచన, కనకలకు ఏమీ తీసిపోదు, పైగా అచ్చ తెలుగు.

నదుల పేర్లు

గోదావరి, కృష్ణవేణి, గంగ, కావేరి అందరికీ తెలిసినవే. ఉపనదులు, చిన్న నదుల వైపు చూడండి.

మంజీర ముందు వరుసలో ఉంటుంది. మంజీరం అంటే కాలి అందె. మహారాష్ట్ర కొండల్లో పుట్టి మెదక్ మీదుగా పారి నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. హైదరాబాద్ దశాబ్దాలుగా తాగుతున్న నీళ్లలో దీనివీ ఉన్నాయి. 'మంజీరా నీళ్లు ఇవాళ రావు' అన్న మాట నగరంలో పుట్టి పెరిగిన వాళ్లకు చటుక్కున గుర్తొస్తుంది, అదొక్కటే చిన్న ఇబ్బంది. శ్రీకాకుళం పట్నం నడుమ పారే నాగావళి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార, విజయనగరం జిల్లా చంపావతి ఉత్తరాంధ్రవి. కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరే ప్రాణహిత అర్థంలోనూ శబ్దంలోనూ మచ్చలేని పేరు, హిత అని కుదించుకోవచ్చు. పెన్నకు సంస్కృతంలో పినాకిని అని పేరు. పుట్టపర్తి మీదుగా పారే చిత్రావతి, మదనపల్లె వైపు బాహుద రాయలసీమవి. భద్రాచలం చుట్టుపక్కల వాళ్లకు శబరి, కిన్నెరసాని.

పినాకిని, శబరి, నాగావళి మూడూ ఎక్స్‌ప్రెస్ రైళ్ల పేర్లు కూడా. స్టేషన్లో మైకులో పేరు వినపడితే పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ, తోటివాళ్లు 'ఎన్ని గంటలు లేటు?' అని అడగకుండా ఉండరు. విశాఖ వైపు గోస్తని పుణ్యనదే. ఆ మాటకు ఆవు పొదుగు అని అర్థం తెలిసిన వాళ్లెవరూ పాపకు పెట్టరు.

నది పేరు పెట్టకూడదనే పెద్దలు కొందరుంటారు. మనుస్మృతి మూడో అధ్యాయంలో నక్షత్రం, చెట్టు, నది పేర్లున్న కన్యను చేసుకోకూడదని ఒక శ్లోకం ఉంది, ఆ మాట అక్కణ్ణించి వచ్చిందే. దాన్ని పాటించి ఉంటే దేశంలో గంగలు, యమునలు, రోహిణులు, రేవతులు, తులసులు ఉండేవాళ్లు కాదు. అదే గ్రంథం రెండో అధ్యాయం ఆడపిల్ల పేరు సుఖంగా పలికేలా, కఠినం కాకుండా, అర్థం స్పష్టంగా, మనోహరంగా ఉండాలని చెబుతుంది. ఆ శ్లోకం ప్రకారం చూసినా మంజీరకు నూటికి నూరు మార్కులు.

నది పేరు ఎంచుకునేటప్పుడు నాదొక షరతు. అది మీ ఊరి నదో, మీ పెద్దల ఊరి నదో అయి ఉండాలి. శ్రీకాకుళం మూలాలున్న పాపకు నాగావళి పెడితే ఒకరోజు ఆ ఒడ్డుకు తీసుకెళ్లి చూపించవచ్చు.

రాగాలు, వృత్తాలు

సంగీతం ఉన్న ఇంట్లో కళ్యాణి, భైరవి, రంజని, హంసధ్వని పాతబడ్డాయి. నీలాంబరి చూడండి: జోలపాటలకు పెట్టింది పేరైన రాగం, ఆడపిల్లకు ఇంకేం కావాలి? జయంతశ్రీ త్యాగరాజు 'మరుగేలరా' పాడుకున్న రాగం, నళినకాంతి 'మనవినాలకించ' రాగం. అమృతవర్షిణి పొడుగైనా విరిస్తే రెండు మంచి పేర్లు దొరుకుతాయి.

మేళకర్త రాగాల, అంటే కర్ణాటక సంగీతంలోని మూల రాగాల, పేర్లలో ఒక ముచ్చటైన రహస్యం ఉంది. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే కటపయాది సూత్రం ప్రకారం మొదటి రెండు అక్షరాలకు అంకెలు కట్టి తిరగేస్తే ఆ రాగం సంఖ్య వస్తుంది. చారుకేశిలో 'చ'కు 6, 'ర'కు 2. తిరగేస్తే 26, అది 26వ మేళం. శూలినిలో 'శ'కు 5, 'ల'కు 3, అది 35వది. రూపవతి 12, హేమవతి 58, ధర్మవతి 59. లెక్కలంటే ఇష్టపడే పాప ఈ సంగతి తెలిసిన రోజు ఎగిరి గంతేస్తుంది. శూలిని దుర్గ పేరు కూడా కాబట్టి ఇంట్లో పూజలు చేసేవాళ్లకీ నచ్చుతుంది. కీరవాణి 21వ మేళం, వినసొంపైనది, కానీ తెలుగునాట ఆ పేరు వినగానే అందరికీ సంగీత దర్శకుడే గుర్తొస్తారు.

పద్యాలు చదివే ఇంట్లో వృత్తాల, అంటే పద్య ఛందస్సుల, పేర్లున్నాయి. మాలిని తెలిసిందే. తరళ మాత్రం ఇంకా ఎవరి కంటా పడలేదు. తళుకుమని కదలాడేది అని అర్థం, మూడక్షరాలు, పలకడానికి ముద్దుగా ఉంటుంది. శిఖరిణి కూడా ఫర్వాలేదు.

చర్చికి, మసీదుకు వెళ్లే ఇళ్లు

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మరియ, రూతు, ఎస్తేరు విస్తారంగా ఉన్నాయి. యోబు గ్రంథం చివరి అధ్యాయంలో ఆయన ముగ్గురు కూతుళ్ల పేర్లున్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. మొదటిదానికి పావురం, రెండోదానికి దాల్చిన జాతి సుగంధపు చెక్క అని అర్థం చెబుతారు. కెజీయా ఇక్కడా విదేశాల్లోనూ హాయిగా చెల్లుతుంది. మూడోది మాత్రం పాప మీద బరువు. యెషయా గ్రంథంలోని బ్యూలా కూడా అరుదే.

హైదరాబాదీ ముస్లిం ఇళ్లకు చరిత్రలోనే మంచి పేర్లున్నాయి. 18వ శతాబ్దంలో పుట్టిన ఉర్దూ కవయిత్రి మాహ్ లఖా బాయి చందా పేరులో మాహ్ లఖా అంటే చంద్రుడి లాంటి ముఖం గలది. కుతుబ్‌షాహీల హయాత్ బక్షీ బేగం పేరులోని హయాత్ అంటే జీవితం. మాహ్‌లఖాను ఒకే మాటగా రాసుకుంటే ఫారాల్లో చిక్కుండదు.

ఇంతకీ మీ ఇంటికి ఏది?

పాప విదేశంలో పెరుగుతుందంటే ళ, ణ, ఘ, ఠ లేని పేరు చూడండి: గార్గి, మంజీర, అలివేలు, రుయ్యమ. వీటిలో గార్గి, మంజీర అక్కడి టీచరు మొదటిసారే దాదాపు సరిగ్గా చదువుతారు. ఇక్కడే పెరిగే పాపకు అంత బెంగ అక్కర్లేదు. బోధిసిరి, తరళ, నీలాంబరి, ఇళ ఏదైనా సరే.

ఇంటిపేరు పొడుగైతే పేరు పొట్టిగా ఉండాలి. ఇంటిపేరు రెండక్షరాలే అయితే అమృతవర్షిణి అయినా నప్పుతుంది. అత్తింటివాళ్లకు దేవత పేరు, మీకు కొత్త పేరు కావాలంటే శూలిని, గోద, పినాకిని ఇద్దరికీ సరిపోతాయి. అక్క పేరు ఆద్య అయితే చెల్లికి రాణి పేరే పెట్టాలని లేదు, కానీ ఒకరికి గొప్ప కథ, మరొకరికి ఒట్టి శబ్దం ఇవ్వకండి. పెద్దయ్యాక పిల్లలు పోల్చి చూసుకుంటారు.

నక్షత్రం అక్షరం దగ్గర చాలా ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అదృష్టం బాగుంటే చాలావాటికి ఈ పేర్లలోనే జవాబు దొరుకుతుంది. మఖ మొదటి పాదానికి మాంచాల, మంజీర. స్వాతి మొదటి పాదానికి రుయ్యమ, నాలుగో పాదానికి తరళ. మూల మూడో పాదానికి బలశ్రీ, బాపిసిరి, బాహుద. అనూరాధ మొదటి పాదానికి నాగనిక, నాగావళి. రెండో పాదానికి నీలాంబరి. ధనిష్ఠ మొదటి పాదానికి గార్గి. శతభిషం మొదటి పాదానికి గోద. రేవతి మూడో పాదానికి చాంతిసిరి, చారుకేశి. ఆశ్లేష వాళ్లకు డీ, డూ, డే, డో వస్తాయి, హస్తలో ణ, ఠ ఉంటాయి. ఆ అక్షరాలతో పేరు వెతికి పాపను ఇబ్బంది పెట్టకండి. బియ్యంలో రాసే జన్మనామం వేరు, పిలిచే పేరు వేరు. ఈ పద్ధతి మనకు ముందు నుంచీ ఉంది, మీ పురోహితుణ్ణి అడిగితే ఆయనే చెబుతారు.

ఎంచుకున్న రెండు మూడు పేర్లను వారం రోజులు ఇంట్లో నిజంగా పిలిచి చూడండి. వంటింట్లోంచి గట్టిగా పిలవాలి, ఫోనులో తాతయ్యకు చెప్పాలి, ఇంటిపేరుతో కలిపి చదవాలి. ఫోనులో మూడుసార్లు చెప్పాల్సి వస్తోందంటే ఆ పేరు పాప జీవితమంతా అలాగే చెప్పుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటే ఖాయం చేసుకోండి. సంఖ్యాశాస్త్రం కోసం అదనంగా అక్షరాలు దూరిస్తే ఆధార్‌లో ఒకటి, స్కూల్ రికార్డులో ఇంకొకటి పడి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. 'త'కు మన వాళ్లు హెచ్ చేర్చి రాస్తారు, ఉత్తరాది వాళ్లు దాన్ని 'థ'గా చదువుతారు. తరళకు హెచ్ లేకుండా రాయడమే మేలు.

తొందర పడాల్సిన పని కూడా లేదు. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, కానీ పేరు లేకుండానే చేయించవచ్చు. నమోదైన 12 నెలల్లోపు పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంటుంది. ఒకసారి పేరు ఎక్కాక మార్చడమే కష్టం. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూల్ అడ్మిషన్, పాస్‌పోర్టు వంటివాటికి పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. అందుకే సర్టిఫికెట్ చేతికి తీసుకున్నాక కౌంటర్ దగ్గరే నిలబడి తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పేరు చదవండి. ళ బదులు ల పడిందా, శ బదులు స పడిందా, దీర్ఘం ఎగిరిపోయిందా చూసి, తప్పుంటే అప్పటికప్పుడే దిద్దించుకోండి.